బాల్కనీ మనుషులు కావడం ఎలా?

మన దగ్గర ఎవరి క్లాసెంతో తేల్చే పని చాలాకాలం సినిమా హాళ్ళే చూసుకునేవి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాడు చెప్పేసేవాడు మీరెవరో. కాగితాలు ఎగరేసేది నేల, ఈల వేసేది బెంచి, ఆ ఈలకి మొహం చిట్లించేది బాల్కనీ. మల్టీప్లెక్సులు వచ్చి అందర్నీ ఒకే మెట్ల మీద కూర్చోబెట్టాక ఈ చక్కటి ఏర్పాటు చెడిపోయింది. పక్క సీటాయన క్లాసో మాసో చీకట్లో తెలియడం లేదు. ఎవరి టిక్కెట్టు వాళ్ళే ఒంటి మీద తగిలించుకు తిరగాల్సిన రోజులొచ్చాయి. ఆ టిక్కెట్టు కోసం కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి చేస్తున్నవి మానేస్తే చాలు. ఏవి మానాలో, మానినవాటిని ఎక్కడ దాచాలో చెప్పడం నా పని. మానేశాక దాచడమెందుకంటారా? ఆ మాట చివర్లో.

ముందు చెయ్యి సంగతి. అన్నంలో చెయ్యి పెట్టే అలవాటుంటే మిగతావి ఎన్ని మానినా దండగే. స్పూనుతో ముద్దపప్పు, ఆవకాయ కలిపి చూడండి. పప్పు ఓ పక్కకి పోతుంది, నెయ్యి ప్లేటుకి పోతుంది, టెంకున్న ముక్క అన్నం మధ్యన మిగిలిపోయి మీ వంకే చూస్తుంది. చూడనివ్వండి. వేళ్ళతో పట్టుకుని టెంక దాకా చీకితేనే దాని రుచి అని మీకూ తెలుసు, ఎదురుగా కూర్చున్నాయనకీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టు ఉండాలి. మునక్కాడ వచ్చినా అంతే. ఇక చేపల పులుసు. ఫోర్కుతో ముళ్ళేరుకుని తిన్న మనిషిని గోదావరి జిల్లాల్లో ఇంతవరకు ఎవరూ చూసినట్టు లేదు. అందుకే పెద్ద హోటళ్ళలో ముల్లూ, తలా, రుచీ ఏమీ లేని బాసా చేప ముక్క పెడతారు. అది తినండి. పైన నిమ్మచెక్క పిండుకోవచ్చు, పిండాక వేలు నాకకూడదు.

ఈ విషయంలో మిమ్మల్ని చెడగొట్టడానికి ప్రతి ఇంట్లో ఒక మేనల్లుడుంటాడు, పుస్తకాలు చదివే రకం. ఒకప్పుడు ఇంగ్లండులో కూడా జనం చేత్తోనే తినేవాళ్ళంటాడు. థామస్ కొరియట్ అనే ఆయన ఇటలీ వాళ్ళు ఫోర్కు వాడడం చూసొచ్చి 1611లో పుస్తకంలో రాస్తే సొంత దేశం వాళ్ళే ఆటపట్టించారంటాడు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ కూడా టీ సాసర్లో పోసుకుని తాగేవాళ్ళంటాడు. చెప్పినవన్నీ నిజాలే, అదే చిక్కు. చరిత్ర తెలిసినవాడికి క్లాసుగా బతకడం కష్టం. మేనల్లుడికి ఇంకో వడ పెట్టి నోరు మూయించండి.

సాసరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇరానీ హోటలు గురించి కూడా చెప్పేస్తాను. వన్ బై టూ చెప్పడం మానాలి. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచడం మానాలి, ఎందుకంటే అది సగంలో విరిగి అడుగుకు చేరుతుంది, దాన్ని మర్యాదగా పైకి తీసే విద్య ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. దానికి బదులు ఓ పెద్ద కాఫీ షాపులో మూడొందల యాభై పెట్టి ఒక్క కప్పు చెప్పి, లాప్‌టాప్ తెరిచి, మూడు గంటలు కదలకుండా కూర్చోండి. అదే పని ఇరానీ హోటల్లో చేస్తే గోడ మీద ‘ఎక్కువసేపు కూర్చోరాదు’ అన్న బోర్డు చూపిస్తారు.

చారు జుర్రడం, మజ్జిగ గ్లాసు ఎత్తిపట్టి గొంతులో పోసుకోవడం, తిన్నాక గట్టిగా త్రేన్చడం, ఇవి మానాలని వేరే చెప్పక్కర్లేదు.

అతిథులకి బలవంతంగా వడ్డించడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్ళలో భోజనం సగం కుస్తీ. అతిథి ‘చాలండీ, చాలండీ’ అంటాడు, ఇల్లాలు ‘అదేంటి అన్నయ్యగారూ, ఏం తిన్నారని?’ అంటూ గరిటె ముందుకు చాస్తుంది, ఆయన విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడతాడు, వేళ్ళ సందుల్లోంచే పులిహోర పడుతుంది. మొదటి ‘వద్దు’కి అర్థం లేదని, రెండో ‘వద్దు’ మర్యాద కోసమని, మూడో దాన్ని బట్టి నిర్ణయం తీసుకోవాలని ఇద్దరికీ ముందే తెలుసు. ఇదంతా మోటు వ్యవహారం. క్లాసు ఇంట్లో ఒక్కసారే అడుగుతారు, ‘ఇంకొంచెం?’ అని. అతిథి అలవాటు కొద్దీ ‘వద్దండీ’ అంటాడు. గిన్నె మీద మూత పడుతుంది. అంతటితో సరి. ఆయన ఇంటికి పోయి రాత్రి పదకొండింటికి పెరుగన్నం కలుపుకుంటూ, వాళ్ళింట్లో గిన్నెలు ఎంత బాగున్నాయో భార్యకి చెబుతాడు. మీరే అతిథిగా వెళ్ళాల్సి వస్తే ఇంట్లో నాలుగు ముద్దలు తిని బయల్దేరండి. క్లాసు మనుషులు పార్టీల్లో అంత తక్కువ తినడం వెనకున్న రహస్యం అదే.

తర్వాతది వాసన. పోపు వాసన వీధిలోకి వచ్చిందంటే మీ క్లాసు కూడా దాంతోపాటే బయటికి పోయిందని లెక్క. కొత్త విల్లాలు కట్టేవాళ్ళు దీన్ని గ్రహించి రెండేసి వంటిళ్ళు కడుతున్నారు. ముందొక వంటిల్లు, మధ్యలో పాలరాతి బల్ల, పొడవు కాళ్ళ స్టూళ్ళు, కాఫీ మిషను, గాజు గిన్నెలో ఆకుపచ్చ ఆపిల్ పళ్ళు. అందులో వంట చేయరు. వెనకాల బట్టలుతికే మిషను పక్కన ఇరుకు గది ఒకటి ఉంటుంది, ఇంగువ, వెల్లుల్లి, కుక్కరు కూతలు అన్నీ అక్కడే. ఇంటికి ఎంత ఎక్కువ డబ్బు పోస్తే ఇంగువ అంత వెనక్కి పోతుందన్నమాట. విల్లా కొనే స్తోమత లేక ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్ళు దిగులు పడక్కర్లేదు. ఎండుచేపలు వేయించాలనిపిస్తే మధ్యాహ్నం మూడింటప్పుడు వేయించి, వెంటనే లిఫ్టు దగ్గర నిలబడి ‘ఎవరండీ ఈ వాసన?’ అని పదిమందికి వినిపించేలా అడగండి. వడియాలు, అప్పడాలు మేడ మీద ఎండబెట్టడానికి ఎలాగూ అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. బాల్కనీలో బట్టలు ఆరేయడానికీ ఒప్పుకోరు. బాల్కనీ మనిషికి బాల్కనీలో చేసే హక్కున్న పని ఒక్కటే, కుండీలకు నీళ్ళు పోయడం, అదీ కింది ఫ్లాటు వాళ్ళ మీద పడకుండా.

‘ఎంతకి కొన్నారు?’ అని అడగడం ఇంకో జబ్బు. దీనికి అనుబంధంగా ‘అయ్యో, మాకు చెబితే ఇంకా తక్కువకి ఇప్పించేవాళ్ళం కదా’ అని ఒక నిట్టూర్పు కూడా ఉంటుంది. రెండూ మానండి. సోఫా బాగుందనిపిస్తే ‘నైస్’ అనేసి ఊరుకోండి. కాసేపాగి బాత్రూంలోకెళ్ళి ఫోన్లో దాని ధర చూసుకుని రావచ్చు. జీతం కూడా అడగకూడదు. ఏ కంపెనీ, ఏ హోదా, ఎన్నో అంతస్తు, ఎన్ని చదరపు అడుగులు, పిల్లలు ఏ ఇంటర్నేషనల్ స్కూలు అని వేరు వేరు సందర్భాల్లో అడిగి, ఇంటికొచ్చి కూడుకోవాలి.

బేరమాడడం విషయంలో చాలామందికి అయోమయం ఉంది. రూలు తేలికే. ధర అచ్చువేసిన చోట నోరెత్తకండి, మనిషి నోటితో ధర చెప్పిన చోట ఎంతైనా ఆడండి. 1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు బోర్డు మీద ధర రాసిపెట్టడం మొదలయ్యాక క్లాసు మనుషులకు అక్కడ కాలు నిలవడం లేదు. వాళ్ళకి గేటు దగ్గరికొచ్చే ఆకుకూరలమ్మే మేలు. మాల్‌లో చొక్కా మీద పోయిన రెండు వేలనీ తోటకూర కట్టల మీద రూపాయి రూపాయిగా రాబట్టుకోవచ్చు, కొన్నేళ్ళు పడుతుంది గానీ. కొసరు మాత్రం అడగకూడదు. కూరగాయలు కొన్నాక చారెడు పచ్చిమిరపకాయలు, రెండు కరివేపాకు రెబ్బలు ఊరికే వేయించుకోవడం చిన్నతనం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఎర్ర అక్షరాలతో రాసుంటే మాత్రం వరసలో నిలబడి తీసుకోవడం తెలివి.

ఇంతకంటే నాజూకైన సంగతి ఇంకొకటి ఉంది. కోస్తా పల్లెల్లో ముసలమ్మలు అరుగు మీద నుంచే ‘మీరేమిట్లు బాబూ?’ అని కులం అడిగేస్తారు. ఎంత మోటు! చదువుకున్నవాళ్ళు అలా అడగరు. ‘మీ పూర్తి పేరు?’ అంటారు. ఇంటిపేరు విన్నా తేలకపోతే సొంతూరు అడుగుతారు, ఊళ్ళో ఏ వైపని అడుగుతారు, ఫలానా ఎమ్మెల్యే గారు మీకేమవుతారని నవ్వుతూ అడుగుతారు, చివరికి ‘వెజ్జా, నాన్‌వెజ్జా?’ అంటారు. పది నిమిషాలు పట్టినా ముసలమ్మకి దొరికే జవాబే దొరుకుతుంది, మాట పడకుండా. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు తగిలిస్తే ఆ పది నిమిషాలు కూడా మిగులుతాయి.

స్టీలు సామాను తీసేయమని నాలాంటివాళ్ళు చెబితే కొందరు ఆవేశపడి మొత్తం పాత సామాన్ల వాడికి వేసేస్తున్నారు. ఒక గ్లాసు, ఒక పళ్ళెం ఉంచుకోండి. పనమ్మాయికి కావాలి కదా. వాటి చోటు సింకు కింద, ఫినాయిలు సీసా పక్కన. ఎందుకని ఎవరైనా అడిగితే పింగాణీ కప్పులు చెయ్యి జారితే పగిలిపోతాయని చెప్పండి. ఆ కప్పుల్ని వారం వారం కడుగుతున్నదీ ఆ అమ్మాయేనన్న సంగతి మాటల్లో రానివ్వకండి. లిఫ్టుల్లో కూడా పనివాళ్ళకు వేరేది ఉండటం మంచిది. మీ కుక్కపిల్ల మీతోపాటు మీ లిఫ్టులోనే రావచ్చు, దానికి ఇంగ్లీషు అర్థమవుతుంది.

భాష గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అందరూ నా సలహా లేకుండానే చాలా దూరం వెళ్ళారు. ఒక్క మాట. గేటు దగ్గర వాచ్‌మన్‌తో హిందీలో మాట్లాడే అలవాటు కొనసాగించండి. అతనిది ఇచ్ఛాపురం, మీది తెనాలి అయినా సరే. ‘గాడీ ఉధర్ లగావ్’ అని మీరంటే ‘జీ సాబ్’ అని అతనంటాడు. ఇద్దరికీ వచ్చిన హిందీ అంతటితో అయిపోతుంది కాబట్టి సంభాషణ పెరిగి చనువుకు దారితీసే ప్రమాదం లేదు. తెలుగైతే ‘పిల్లలెలా ఉన్నారు?’ దాకా పోతుంది.

బట్టల దగ్గర ఎవరైనా తప్పు పడతారేమోనని భయపడేవాళ్ళకి మన సాహిత్యంలోనే పాఠం ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం మొగల్తూరు నుంచి బారిస్టరీ చదవడానికి సీమకు బయల్దేరి, తెలియక ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్నాడు. ఆ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. వందేళ్ళు దాటినా తెలుగువాళ్ళు ఆ టోపీకి నవ్వుతూనే ఉన్నారు. ఇవాళ్టి మనిషి అలా దొరికిపోనక్కర్లేదు. ఇది ఆడవాళ్ళ టోపీ కదండీ అని ఎవరైనా అంటే, ఒక్క క్షణం అతని వంక జాలిగా చూసి, ‘తెలుసు’ అనాలి. ఆ సాయంత్రానికి అతను కూడా ఒకటి కొంటాడు.

పెళ్ళిళ్ళలో బంతి భోజనం తీసేసి బఫే పెట్టడం ఎలాగూ అయిపోయింది. ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో గ్లాసు, మూడో చేత్తో స్పూను. నలుగు పెట్టుకోవడం మానేసి, అందరూ పసుపు రంగు బట్టలు వేసుకుని అదే పసుపు రాసుకుంటూ దాన్ని హల్దీ అంటున్నారు కాబట్టి అక్కడా నేను చెప్పాల్సింది లేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన కెమెరా వాళ్ళు అడ్డంగా నిలబడితే పక్కకి జరగమని అరవకండి, అక్షింతలు వాళ్ళ వీపుల మీదే వేసి దిగి రండి. కట్నాలు చదివించేటప్పుడు కవరు మీద పేరు రాసి, లోపల అంకె ఎవరికీ తెలియకుండా ఇవ్వాలి. మైకులో ‘ఫలానా వారు నూటపదహార్లు’ అని చదివించుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ఆ అంకె ఇంటికెళ్ళాక నోటుబుక్కులో ఎక్కుతుంది.

ఇక దాచుకోవడం గురించి చెబుతానన్నాను. ఈ విద్యలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, మామూలు సలహాదార్లు దీన్ని బయటపెట్టరు.

మానేసిన ఏ అలవాటునీ, ఏ వస్తువునీ పారేయకండి. అటకెక్కించండి. పేదవాళ్ళు వాడుతున్నంత కాలం అది మోటు. వాళ్ళు కూడా మానేశాక, లేదా వాళ్ళే కొనలేనంత ధర అయ్యాక, అది తిరిగి వస్తుంది. జొన్నరొట్టె, సంకటి, అంబలి చూడండి. రాయలసీమలో, తెలంగాణలో అవి తినేవాళ్ళు వరి అన్నం కోసం ఏళ్ళ తరబడి కలలు కన్నారు. పండక్కి మాత్రమే వరి వండుకున్న ఇళ్ళున్నాయి. కిలో రెండు రూపాయల బియ్యం పథకానికి ఎన్.టి. రామారావు గారికి 1983లో అంత పేరెందుకొచ్చిందో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. అంబలి వదిలించుకుని అన్నం దాకా రావడానికి వాళ్ళకి ఒక తరం పట్టింది. సరిగ్గా వాళ్ళొచ్చి కూర్చునేసరికి ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది, అప్పటిదాకా అన్నం తింటున్న క్లాసు మనుషులు లేచి అంబలి పక్కకి వెళ్ళిపోయారు. ఇప్పుడు పెద్ద హోటల్లో సంకటి ముద్ద మట్టి మూకుడులో వస్తుంది, పక్కనే నాటుకోడి పులుసు. ముఖ్యంగా గమనించండి, అక్కడ దాన్ని చేత్తో తినొచ్చు. తినాలి కూడా. స్పూను అడిగితే వెయిటరు మిమ్మల్ని అదోలా చూస్తాడు. చెయ్యి మానమన్నానని మరీ పూర్తిగా మరిచిపోకండి.

చీరాల ప్రాంతంలో ఒకప్పుడు తేలియా రుమాళ్ళు నేసేవాళ్ళు. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి రంగులద్దేవాళ్ళు కాబట్టి గుడ్డకి నూనె వాసన వచ్చేది. చేపలు పట్టేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు దాన్ని లుంగీగా కట్టుకున్నారు, తలకి చుట్టుకున్నారు. అరబ్బు దేశాలకీ ఎగుమతయ్యేది. ఇప్పుడు ఆ నేతకి పేరున్న ఊరు పుట్టపాక. 2020లో ఆ ఊరి రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత రుమాళ్ళు మ్యూజియాల్లో, అద్దాల వెనక ఉన్నాయి. జాలరి తలకి ఉన్నప్పుడు దాన్ని తాకడానికి కూడా సందేహించిన వంశాల వాళ్ళు ఇప్పుడు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తున్నారు, చెయ్యి తగలనివ్వకుండా. మీ తాతగారి పెట్టె అడుగున నూనె వాసన వేస్తున్న ఎర్ర గుడ్డ ఏదైనా ఉంటే దానితో స్కూటరు తుడవకండి.

గానుగ నూనె, మట్టి కుండ, మోదుగాకు విస్తరి, చద్దన్నం ఇప్పటికే అటక దిగాయి. చద్దన్నంలో కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులున్నాయని డాక్టర్లు అంటున్నారు కాబట్టి ధైర్యంగా తినొచ్చు, కాకపోతే పక్కన ఉల్లిపాయ కొరకడం గురించి ఇంకా ఖచ్చితమైన ఆదేశాలు రాలేదు. రోలు, తిరగలి కొన్నిచోట్ల తోట అలంకారంగా దిగాయి, పిండి విసరడానికి ఇంకా దిగలేదు.

చాలామంది నన్నడిగేది గళ్ళ లుంగీ గురించి. అది ఎప్పుడు దిగుతుంది, సాయంత్రం పూట కమ్యూనిటీ పార్కులోకి కట్టుకుని వెళ్ళొచ్చా అని. తొందరపడకండి. 1960ల నాటి అమెరికా కాలేజీల్లో డబ్బున్న కుర్రాళ్ళు మద్రాసు గళ్ళ గుడ్డతో చొక్కాలు, కోట్లు కుట్టించుకుని తిరిగారు. ఉతికితే రంగు దిగడమే దాని గొప్పతనమని ప్రకటనలు వేసి మరీ అమ్మారు వ్యాపారులు. మన అమ్మలు అదే సంగతికి బట్టల కొట్టు వాడితో దెబ్బలాడి గుడ్డ వెనక్కిచ్చి వచ్చేవాళ్ళు. కాబట్టి గళ్ళకి పరువు రాలేదని కాదు, వచ్చింది. నడుం దాకా వచ్చింది, అక్కడి నుంచి కిందికి దిగలేదు. మీ పక్క విల్లా ఆయన కొడుకు డల్లాస్ నుంచి వస్తూ ఒకటి తెస్తాడు, దానికి జేబులుంటాయి, ధర డాలర్లలో ఉంటుంది. ఆయన దాన్ని కట్టుకుని, మోకాళ్ళ పైకి మడవకుండా, కుక్కతో సహా రెండు రౌండ్లు పార్కు చుట్టూ తిరిగాక మీది బయటికి తీయండి. జేబులు లేవేంటని ఎవరైనా అడిగితే ‘హ్యాండ్‌లూమ్’ అని చెప్పండి.